బోస్నియా కవి పుస్తకాలు బ్రాటిస్లావాలో ఎందుకున్నాయి? సొంత ఊరికి ఇవ్వాల్సింది కదా

దానూబ్_ఒడ్డు
మూడేళ్ళుగా బ్రాటిస్లావాలో ఉంటున్నా, పాత ఊళ్ళో యూనివర్సిటీ లైబ్రరీ ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. మొన్న వాళ్ళ సైట్‌లో ఏదో వెతుకుతుంటే బషాగిచ్ కలెక్షన్ అని కనపడింది. అరబిక్, టర్కిష్, పర్షియన్ చేతిరాత పుస్తకాలు 284, అచ్చు పుస్తకాలు 365. 1997లో యునెస్కో మెమరీ ఆఫ్ ద వరల్డ్ లిస్టులో చేర్చారు. స్లోవేకియాలో అరబిక్ ఏంటి అని చదువుతూ పోతే ఇవన్నీ బోస్నియా రాజధాని సరాయెవోలో ఉన్న ఒక కవివి. సఫ్వెత్ బేగ్ బషాగిచ్. బోస్నియా ముస్లింలకి, అంటే వాళ్ళు బోష్న్యాక్ అనుకుంటారు, ఆధునిక సాహిత్యం ఆయనతోనే మొదలయిందని చాలామంది రాశారు. పత్రిక పెట్టాడు, పిల్లల చదువులకి సంఘం పెట్టాడు, శాసనసభకి అధ్యక్షుడయ్యాడు. అలాంటాయన తన జీవితమంతా పోగేసిన పుస్తకాలు 1924లో ఈ లైబ్రరీకి చేరాయి. కొన్నారు వీళ్ళు.

నాకు మనసొప్పట్లేదండీ. జాతి సంస్కృతి అని జీవితాంతం మాట్లాడిన మనిషి, ఆ జాతి పుస్తకాల్నే పరాయి ఊరికి అమ్మటమేంటి? ఆయన గురించి చదివినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

పాతపుస్తకాల_పిచ్చి
అమ్మాడు అన్న ఒక్క ముక్క పట్టుకుని తీర్పు చెప్పకండి. 1992 గురించి చదివారా?

బందరు_బాలాజీ
ఎవరండీ ఈయన, పేరే మొదటిసారి వినటం. బేగ్ అంటే మన మీర్జా బేగ్‌లలో బేగేనా

మెహెర్_టోలీచౌకి
అదే బేగ్. ఆయన కలంపేరు కూడా మీర్జా సఫ్వెత్. మా హైదరాబాద్‌ల నలుగురు మీర్జాలని పిలిస్తే ఐదోవాడిగా ఈయన కూడా పలుకుతడు 😊 ఆయన పెట్టిన పత్రిక పేరు బెహార్. మనం బహార్ అంటం సూడు, అదే మాట. వాళ్ళ భాషల పండ్లచెట్లకి వచ్చే పూతని బెహార్ అంటరు.

దానూబ్_ఒడ్డు
@పాతపుస్తకాల_పిచ్చి 1992 బోస్నియా యుద్ధం తెలుసు. ఆయన అమ్మింది 1924లో. డెబ్భై ఏళ్ళ తర్వాత ఏమవుతుందో ఆయనకి తెలియదు కదా.

పాతపుస్తకాల_పిచ్చి
సరే మొదట్నుంచీ చెప్తాను, కొంచెం పొడుగవుద్ది.

పుట్టింది 1870 మేలో, హెర్జెగోవినాలో నెవెసిన్యే అనే ఊళ్ళో. ఐదేళ్ళ వయసులో, 1875లో, సరిగ్గా ఆ ఊళ్ళోనే రైతుల తిరుగుబాటు మొదలయింది, అది చిలికి చిలికి గాలివాన అయ్యి 1878లో బెర్లిన్ ఒప్పందంతో బోస్నియా మొత్తం ఆస్ట్రియా చేతికి పోయింది. అంతకుముందు నాలుగు వందల ఏళ్ళకి పైగా ఆటోమన్ల పాలన. అంటే ఎనిమిదేళ్ళ పిల్లాడికి రాజ్యం మారింది, ఆఫీసు భాష మారింది, రాసే లిపి మారింది. నాన్న ఇబ్రహీం బేగ్ ఆటోమన్ల కింద అధికారి, టర్కిష్‌లో కవిత్వం రాసేవాడు. కొడుకు దగ్గరికొచ్చేసరికి బోస్నియా భాషలో, లాటిన్ లిపిలో. ఒక ఇంట్లో రెండు తరాల మధ్య ఎంత తేడానో చూడండి.

నాన్న తరం రాసింది కొడుకు తరంలో ఎంతమంది చదవగలరు? అరబిక్ లిపి వచ్చినవాళ్ళు తగ్గిపోతున్నారు, ఇళ్ళల్లో అటకల మీద చేతిరాత కట్టలు పడున్నాయి, తెచ్చి చూపించేవాళ్ళు లేరు. ఈయన వియన్నా వెళ్ళి అరబిక్, టర్కిష్, పర్షియన్ మూడూ చదువుకున్నాడు, 1895 నుంచి 1899 దాకా. తిరిగొచ్చాక కనపడ్డ కట్టనల్లా పోగేశాడు. పోగేసి దాచుకోలేదు, చదివాడు. 1910లో వియన్నాలో డాక్టరేట్ వచ్చింది, 1912లో పుస్తకంగా వేశాడు, ఇస్లామిక్ సాహిత్యంలో బోస్నియా హెర్జెగోవినా వాళ్ళు అని. మా నేల మీద పుట్టినవాళ్ళు మూడు భాషల్లో ఇంత రాశారు అని పేరుపేరునా చూపించాడు.

గోదారి_గట్టు
ఇదేదో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ కవుల సంచికలా ఉందే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే 354 మంది కవుల్ని తెచ్చి చూపించారు. అదీ 1934లోనే కదా

పాతపుస్తకాల_పిచ్చి
అవును గోదారి గారూ, బషాగిచ్ పోయింది కూడా 1934లోనే, ఏప్రిల్ 9న. ఇద్దరూ ఒకళ్ళ పేరు ఒకళ్ళు విని ఉండరు. కానీ లేరు అన్న మాట పడ్డవాడికి వచ్చే రోషం ఎక్కడైనా ఒకటే.

వియన్నా_వేణు
కవిత్వం సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నాకు జర్మన్‌లో కొన్ని దొరికితే చదివా. నిజం చెప్పాలంటే పాతకాలపు ప్రేమ కవిత్వం, గుల్, బుల్బుల్, కన్నీళ్ళు, వీరగాథలు. మొదటి సంపుటి 1896లో క్రొయేట్ల ఊరు జాగ్రెబ్‌లో వేశారు, పేరులో త్రొఫాండా అనే మాట ఉంది, చెట్టు తొలి కాపుని అలా అంటారట, ఆ ఒక్క మాట బాగా నచ్చింది నాకు. కవిగా చూస్తే ఆయన తర్వాత వచ్చిన ముసా చాజిమ్ చాతిచ్ చాలా పైన. పాపం చాతిచ్ క్షయతో 1915లో పోయాడు, నలభై కూడా నిండలేదు.

మెహెర్_టోలీచౌకి
@వియన్నా_వేణు అనువాదంల గజల్ సదివి గజల్ బాలేదంటే ఎట్ల భాయ్. మా తాత ఫార్సీ సదివినోడు, హాఫిజ్ షేర్ చెప్పి మళ్ళ తెలుగుల అర్థం చెప్పమంటే నవ్వేటోడు, గది చెప్తే పోతదిరా అని. గుల్ బుల్బుల్ పాతవే, కానీ బషాగిచ్ వాటిని పల్లె భాషలకి, వాళ్ళ జానపద పాటల నడకలకి తెచ్చిండు. తొవ్వ ఏసినోడు వేరు, ఆ తొవ్వల బండి తోలినోడు వేరు.

ఇంకో ముచ్చట. హాఫిజ్ దీవాన్‌కి యూరప్ పండితులు శానా కాలం వాడుకున్న వ్యాఖ్యానం రాసిన సూదీ కూడా బోస్నియావోడే. హెర్జెగోవినాల మోస్తార్ అనే ఊర్ల ఫెవ్జీ అనే ఆయన సాదీ గులిస్తాన్ లెక్కన బుల్బులిస్తాన్ అని ఫార్సీల రాసిండు. మోస్తార్‌ల కూసొని ఫార్సీ! గిట్లాంటోళ్ళ పేర్లు మళ్ళ బయటికి తెచ్చింది బషాగిచే. మా హైదరాబాద్ రాజ్యంల కూడా ఒకప్పుడు ఫార్సీనే దఫ్తర్ భాష. మా తాత రాసుకున్న నోటుపుస్తకం ఒకటి ఇంట్ల ఉన్నది, మాల ఎవ్వరికీ సదవరాదు. గందుకే ఈ మనిషి కథ నాకు దగ్గరనిపిస్తది.

నెల్లూరి_వానకారు
ఖయ్యాం రుబాయీలని బషాగిచ్ పర్షియన్ నుంచి నేరుగా అనువదించాడు, ఇంగ్లీషు మీదుగా కాదు. మా దువ్వూరి రామిరెడ్డి గారు కూడా అంతే, పర్షియన్ నేర్చుకుని మరీ పానశాల రాశారు. సేద్యం చేసుకుంటా పర్షియన్ నేర్చుకోవడం అంటే మాటలా.

ఎర్రమట్టి
అందరూ మరీ పొగిడేస్తున్నారు. ఆ బేగ్ అంటే ఎవరు? భూస్వామి. బోస్నియాలో బేగ్‌ల భూముల మీద క్మెత్‌లు అని కౌలు రైతులు, ఎక్కువమంది క్రైస్తవులు, పంటలో వాటా ఇస్తూ తరాలు గడిపారు. నెవెసిన్యే తిరుగుబాటు ఊరికే రాలేదు. 1910లో వచ్చిన సాబోర్, అదే శాసనసభ, దానికి ఈయన అధ్యక్షుడు. 1911లో ఆ సభ చేసిన చట్టం ఏంటో చదవండి, రైతు భూమి విడిపించుకోవటం ఐచ్ఛికం, బేగ్ ఒప్పుకుంటేనే. మా తాతలు కౌలు చేసినోళ్ళు, ఐచ్ఛికం అనే మాటకి పొలంలో ఏం విలువుంటుందో మాకు తెలుసు. బెహార్ పత్రిక కూడా ఆస్ట్రియా వాళ్ళ చల్లని నీడలో బతికిందే.

పాతపుస్తకాల_పిచ్చి
@ఎర్రమట్టి భూమి సంగతిలో మీతో వాదించను, అది నిజం. సభకి మొదటి అధ్యక్షుడు అలీ బేగ్ ఫిర్దూస్, ఆయన పోయాక ఈయన. ఇద్దరూ బేగ్‌లే. కానీ గాయ్‌రెత్ సంగతి కూడా పక్కన పెట్టి చూడండి. 1903లో సరాయెవోలో పెట్టిన సంఘం, గాయ్‌రెత్ అంటే పట్టుదల, పాటుపడటం అని. పని ఒక్కటే, చదువుకునే ముస్లిం పిల్లలకి స్కాలర్‌షిప్పులు. అప్పటికి వాళ్ళల్లో కొత్త బడికి పంపేవాళ్ళే తక్కువ, లాటిన్ లిపి నేర్చుకుంటే మతం పోతుందని భయం. ఫీజు కట్టటానికి, హాస్టల్లో ఉండటానికి డబ్బు అందినవాళ్ళల్లోంచే తర్వాత డాక్టర్లు, టీచర్లు, లాయర్లు వచ్చారు. దానికి మొదటి అధ్యక్షుడు ఈయన.

ఎర్రమట్టి
గాయ్‌రెత్ మంచి పనే, కాదనను. స్కాలర్‌షిప్పుతో చదివినోడినే నేను కూడా. కానీ రెండూ కలిపి చెప్పండి, ఒకటే చెప్పకండి.

పాతపుస్తకాల_పిచ్చి
ఒప్పుకున్నా.

బందరు_బాలాజీ
మరి ఈయన సెర్బా, క్రొయేటా? వికీలో ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకోటి ఉంది, బుర్ర వేడెక్కింది

వియన్నా_వేణు
అదే అసలు గొడవ. 1891లో, ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడిగా, బోష్న్యాకుకి అని ఒక పద్యం రాశాడు. పదిహేనేళ్ళ కిందటి దాకా త్రెబిన్యే నుంచి బ్రోద్ దాకా, అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా, మన నేల మీద సెర్బూ లేడు క్రొయేటూ లేడు అని దాని సారాంశం. ఇవాళ్టికీ బోస్నియాలో రాజకీయం మాట్లాడే ప్రతివాడూ ఆ పద్యమే ఎత్తుకుంటాడు. తర్వాత వయసులో జాగ్రెబ్ వాళ్ళతో స్నేహం, క్రొయేట్ అని చెప్పుకున్న రోజులూ ఉన్నాయి. 1931లో ఆయన చివరి పెద్ద పుస్తకం వేసింది జాగ్రెబ్‌లో మాతిత్సా హర్వాత్‌స్కా అనే క్రొయేట్ సాహిత్య సంస్థ, ఆ పుస్తకం పేరులోనే టర్కీ సామ్రాజ్యంలో ప్రసిద్ధులైన క్రొయేట్లు, బోష్న్యాకులు, హెర్జెగోవినా వాళ్ళు అని మూడూ పెట్టేశాడు. అందుకే ఇద్దరూ మావాడే అంటారు.

గోదారి_గట్టు
మూడు పేర్లూ పెట్టేశాడంటే అందరూ కొనుక్కుంటారు అనేమో 😄

వియన్నా_వేణు
అంత తేలిక కాదండీ గోదారి గారూ. ఆ రోజుల్లో అక్కడ నువ్వెవరివి అని అడిగితే బోష్న్యాక్ అని చెప్పుకోవటానికి గడి లేదు. గాయ్‌రెత్ సంఘం కూడా తర్వాత సెర్బ్ వైపు వాళ్ళ చేతికి పోయింది, దానికి పోటీగా క్రొయేట్ వైపు మొగ్గినవాళ్ళు నరోద్నా ఉజ్దానిత్సా అనే ఇంకో సంఘం పెట్టారు. పిల్లల స్కాలర్‌షిప్పు కూడా చివరికి నువ్వెటువైపు అనే ప్రశ్నగా మారిపోయింది. చదువుకోటానికి పెట్టిన సంఘం అలా అవటం చదువుతుంటే నాకు చాలా బాధేసింది.

దానూబ్_ఒడ్డు
ఇన్ని తెలిశాయి, సంతోషం. కానీ నేనడిగింది అలాగే ఉంది. 1919 నుంచి 1927 దాకా ఆయన సరాయెవో మ్యూజియంలోనే క్యూరేటర్. పనిచేసే చోటే ఇవ్వొచ్చుగా? తన టేబుల్ నుంచి పది అడుగుల దూరం.

పాతపుస్తకాల_పిచ్చి
ఇక్కడికే వద్దామని ఆగాను. ఆయన ఆ మ్యూజియానికే ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. 1950లో సరాయెవోలో ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, మ్యూజియంలో ఉన్న టర్కిష్ కాగితాలు, చేతిరాత పుస్తకాలు అందులోకి మార్చారు. ఈయనవి కూడా వాటితోనే వెళ్ళేవి, వేరే దారి నాకు కనపడట్లేదు. 1992 మే 17న ఆ ఇన్‌స్టిట్యూట్ మీద షెల్స్ వేసి తగలబెట్టారు. 5,263 చేతిరాత పుస్తకాలు బూడిద. కొన్ని ప్రపంచంలో ఇంకెక్కడా లేని ప్రతులు. అదే ఏడాది ఆగస్టు 25, 26 తారీఖుల్లో జాతీయ లైబ్రరీ ఉన్న వియేచ్‌నిత్సా భవనం కాలింది, కాలిన కాగితపు ముక్కలు ఊరంతా నల్ల మంచులా పడ్డాయని అక్కడివాళ్ళు చెప్తారు. దానూబ్ గారూ, మీరు నడిచే వీధిలో ఆ 284 పుస్తకాలు ఇవాళ ఉన్నాయంటే 1924లో అక్కడికి వెళ్ళబట్టే.

బందరు_బాలాజీ
ఒళ్ళు జలదరించింది

దానూబ్_ఒడ్డు
ఇది నాకు నిజంగా తెలియదు. మ్యూజియం నుంచి ఇన్‌స్టిట్యూట్‌కి మార్చారన్న ముక్కే తెలియదు.

మెహెర్_టోలీచౌకి
ఆగుండ్రి, నేనొప్పుకోను. గీ లెక్కన సూస్తే మన దగ్గర ఏదీ ఉండొద్దు, అన్నీ లండన్‌కో పారిస్‌కో పంపియ్యాలె, ఆడైతే కాలవు అంటరు. సరాయెవోలనే గాజీ హుస్రెవ్ బేగ్ లైబ్రరీ ఉన్నది, 1537ల పెట్టింది. గా యుద్ధంల సరాయెవోని చుట్టుముట్టిండ్రు కద, గది కూడా గదే ముట్టడిల ఉన్నది. గా పుస్తకాలు ఎందుకు కాల్లే? లైబ్రరీల పనిచేసేటోళ్ళు అరటిపండ్ల అట్టపెట్టెలల్ల నింపుకొని, స్నైపర్లు కాలుస్తుంటే గల్లీలు దాటించి మోసిండ్రు, ఒక్క తాననే పెడితే పోతయని ఎనిమిదిసార్లు జాగలు మార్చిండ్రు. వాళ్ళల్ల కాంగో దేశం నుంచొచ్చిన నైట్ వాచ్‌మన్ కూడా ఉన్నడు. పది వేల దాక చేతిరాత పుస్తకాలు బతికినయ్. సొంతూర్ల పెడితే కాలుతయ్ అనకుండ్రి. సొంతూరోళ్ళు పానం పెడితే బతుకుతయ్.

నెల్లూరి_వానకారు
మెహెర్ గారి మాటకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నా.

పాతపుస్తకాల_పిచ్చి
@మెహెర్_టోలీచౌకి మీరు చెప్పింది కాదనలేను. కానీ రెండూ ఆ ఊళ్ళోనే జరిగాయి. ఒక చోట మోసుకెళ్ళగలిగారు, ఇంకో చోట ఒక్క రాత్రిలో తగలబడింది, మొయ్యటానికి టైమే దొరకలేదు. బషాగిచ్ కట్టలు ఆ రెంటిలో ఎటు పడేవో అన్నదే నా మాట.

తాటాకు_తంతి
ఎప్పుడూ చదివి పోయేదాన్నే, ఇవాళ రాయకుండా ఉండలేకపోయా. మా అమ్మమ్మ వాళ్ళింట్లో, కోనసీమలో, అటక మీద తాటాకు గ్రంథాలు ఉండేవి, నాలుగు కట్టలు. ముత్తాతగారు వైద్యుడు. నా చిన్నప్పుడు ఒకాయన వచ్చి లైబ్రరీకి ఇవ్వండి అని అడిగితే మా తాతయ్య ఇవ్వలేదు, మన ఇంటి సొత్తు బయటికి పోకూడదు అన్నారు. ఇంట్లోనే ఉన్నాయి. ఇంట్లోనే రెండు కట్టలు చెదలు తినేశాయి, మూడోది 1996 తుఫానుకి ఇంటి కప్పు లేచిపోయి వర్షంలో నానిపోయింది. ఎవరూ అమ్మలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. తాతయ్య ఆ నానిన కట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కో ఆకూ పంచె చెంగుతో తుడుస్తూ కూర్చోవటం నాకింకా కళ్ళముందుంది, ఆకు ఆకుకి అంటుకుపోయి విడదీస్తే పీచులా ఊడొచ్చేది. అందులో ఏముందో కూడా మాకెవరికీ తెలియదు. చదివినవాళ్ళు లేరు.

అందుకని నాకు బషాగిచ్ అమ్మాడా ఇచ్చాడా అన్నదానికంటే, చదివి, ఇందులో ఇది ఉంది అని పుస్తకం రాసి, ఆ తర్వాతే చేయి దాటనిచ్చాడన్నది పెద్ద విషయంగా కనపడుతోంది. మా తాతయ్యని తప్పు పట్టట్లేదు, ఆయనకి వాటి మీద ఎంత ప్రేమో నేను చూశాను.

గోదారి_గట్టు
అమ్మా, 96 తుఫానంటే మాదీ అదే బాధ. మాటల్లేవు.

ఎర్రమట్టి
@తాటాకు_తంతి మీరు రాసింది రెండుసార్లు చదివాను. బషాగిచ్ మీద భూమి కోపం నాకింకా ఉంది గానీ పుస్తకాల విషయంలో ఇక వాదించను.

దానూబ్_ఒడ్డు
మొదటి పోస్టులో తొందరపడి రాశాను. తీసెయ్యను, అలాగే ఉండనిస్తాను, లేకపోతే మీరంతా ఎందుకు చెప్పారో తర్వాత చదివేవాళ్ళకి అర్థం కాదు. అయినా వెలితి పూర్తిగా పోలేదు. ఇక్కడ నాతో పనిచేసే బోస్నియా కుర్రాడొకడున్నాడు, తూజ్లా నుంచి వచ్చాడు. నిన్న లంచ్‌లో అడిగా, బషాగిచ్ తెలుసా అని. స్కూల్లో చదివాం, మా ఊళ్ళో వీధి పేరు కూడా ఉంది అన్నాడు. పుస్తకాలు ఇక్కడే ఉన్నాయి, ఇక్కడికి కిలోమీటరు కూడా లేదు అంటే స్పూను పక్కన పెట్టేసి అలా చూస్తుండిపోయాడు. శనివారం ఇద్దరం వెళ్తున్నాం.

బందరు_బాలాజీ
వెళ్తే చూపిస్తారా అసలు పుస్తకాలు

దానూబ్_ఒడ్డు
ముట్టుకోనివ్వరేమో, కానీ స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు, ఇంట్లో కూర్చునే చూడొచ్చు. రాత్రి ఒకటి తెరిచి పెద్దది చేసి చూశా. నల్ల సిరా, మధ్యమధ్య ఎర్ర సిరా మాటలు. మార్జిన్‌లో వేరే చేతిరాత, స్థలం చాలక పేజీ పక్కకి తిప్పి ఏటవాలుగా రాసుకుంటూ పోయాడెవరో. ఒక పురుగు తొలిచిన రంధ్రం వరసగా మూడు పేజీల్లో సరిగ్గా అదే చోట. ఒక్క అక్షరం రాదు నాకు, అయినా గంటన్నర కూర్చున్నా. బోస్నియా భాషనే అరబిక్ లిపిలో రాసినవి కూడా కొన్ని ఉన్నాయట అందులో. మావాడికి అవి చూపించి చదివితే విందామని.

మెహెర్_టోలీచౌకి
ఆ కుర్రగానికి అరబిక్ లిపి వస్తదా?

దానూబ్_ఒడ్డు
రాదట. వాళ్ళ నానమ్మకి వచ్చేదట.

మెహెర్_టోలీచౌకి
ఎర్ర సిరా మాటలున్న పేజీ ఒకటి ఫోటో పెట్టు భాయ్. ఫార్సీ అయితే మా మసీదు పక్కన ఒక పెద్దమనిషి ఉన్నడు, ఆయనతోని సదివిస్త. అట్లనే మా తాత నోటుపుస్తకం కూడా ఆయనకే సూపెడ్త, ఇన్నేండ్లు ఎందుకు సూపియ్యలేదో మరి.

వియన్నా_వేణు
సరాయెవో ఎవరైనా వెళ్తే గాజీ హుస్రెవ్ బేగ్ మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉంది. నేను పోయిన వేసవిలో వెళ్ళా, అప్పటికి ఆయనెవరో సరిగ్గా తెలియక పక్క నుంచే నడిచిపోయా. మళ్ళీ వెళ్ళాలి.

పాతపుస్తకాల_పిచ్చి
@తాటాకు_తంతి నాలుగు కట్టలన్నారు, రెండు చెదలకి, ఒకటి తుఫానుకి. నాలుగోది?

తాటాకు_తంతి
ఉందండీ. మా మావయ్య దగ్గర, ఎర్ర గుడ్డలో చుట్టి బీరువాలో. దసరాకి పూజలో పెడతారు.

పాతపుస్తకాల_పిచ్చి
మావయ్యగారిని ఒప్పించి ఈ దసరాకి ఫోటోలు తీయండి. తాడు గట్టిగా లాగొద్దు, పాతదైతే ఆకు చిల్లు దగ్గర చిట్లుతుంది. ఆకులు అంటుకుని ఉంటే విడదీయొద్దు, అలాగే వదిలేయండి. తెల్ల గుడ్డ మీద పెట్టి పగటి వెలుతురులో కిటికీ పక్కన ఒక్కో ఆకు రెండు వైపులా, నంబరు చీటీ పక్కన పెట్టి తీయండి. అక్షరాలు కనపడకపోయినా కంగారు పడొద్దు, మసి పూయటం అవీ మీరు చెయ్యొద్దు. ఫోటోలు ఇక్కడ పెట్టండి, పాత తెలుగు చదివేవాళ్ళు మనలోనే ముగ్గురున్నారు.

తాటాకు_తంతి
మావయ్యకి ఇప్పుడే ఫోన్ చేశా. ఆదివారం రమ్మన్నారు.